స్టోర్ రూమ్ నిండా పాత ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు, బ్యాటరీలు: గుజరీకి గంపగుత్తగా ఇచ్చేయొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. బెంగళూరు మహదేవపురలో 130 మంది పనిచేసే కంపెనీ. మీరు అడ్మిన్ చూస్తున్నారు. సగం మంది ఇంటి నుంచే పని చేస్తుండటంతో రెండు ఫ్లోర్లలో ఒకటి ఖాళీ చేసి బిల్డింగ్ ఓనర్‌కి అప్పగించాలి. ఆ ఫ్లోర్‌లో ఒక గది నిండా పాత ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, మానిటర్లు, ఒక సర్వర్, యూపీఎస్ బ్యాటరీలు, ప్రింటర్లు, సీల్ కూడా తీయని డబ్బాలు కొన్ని. ఇంకో సర్వర్ ర్యాక్‌లో నడుస్తూనే ఉంది. ఎండీ గారు నెలాఖరుకు గది ఖాళీ కావాలన్నారు. ఫైనాన్స్‌వాళ్లు బుక్స్‌లో వాల్యూ ఉంది, ముట్టుకోవద్దన్నారు. పాత సామాను కొనే గుజరీ ఆయన ఒకరు వచ్చి చూసి, మొత్తానికి తొంభై వేలు నగదు ఇస్తాను, బిల్లు అడగొద్దు, రేపే లారీ తెస్తాను అన్నాడు. ఇచ్చేయమంటారా అని మీ ప్రశ్న.

ఇవ్వకండి. ధర సంగతి తర్వాత. ఆ గదిలో ఉన్నదంతా ఒకే రకం సరుకు కాదు. కొన్ని అసలు మీ కంపెనీవి కాకపోవచ్చు. కొన్నిటిలో కంపెనీ డేటా ఇంకా అలాగే ఉంది. కొన్ని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడనివి. కొన్ని పాతవే కావు. ఒకసారి లారీ ఎక్కాక వీటిని విడదీయడం మీ వల్ల కాదు.

బెంగళూరు ఆఫీసుల్లో ఐటీ సామాను కొనడం, నడపడం, వదిలించుకోవడం నా ఉద్యోగం, ఇరవై ఏళ్లు దాటింది. స్టోర్ రూమ్ నిండిపోవడానికి చోటు చాలకపోవడం కారణమని నేను అనుకోను. దేనికి ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ తెలియదు, అదీ అసలు జబ్బు. ఐటీవాళ్లు ఇది అడ్మిన్ పని అంటారు. అడ్మిన్ ఫైనాన్స్ అప్రూవల్ కావాలంటుంది. ఫైనాన్స్ ఆడిట్ అయ్యాక చూద్దామంటుంది. ఆడిట్ అవుతుంది, మళ్లీ ఆడిట్ వస్తుంది. ఈలోగా నలభై వేలు పలికే మెషీన్ నాలుగు వేలకు దిగుతుంది. ఆయుధపూజకు ముందు రోజు గది తలుపు తీసి, దుమ్ము దులిపి, చచ్చిన సర్వర్‌కి కూడా బొట్టు పెట్టి, మళ్లీ తాళం వేస్తారు. బొట్టు పెట్టడం మంచిదే, కానీ ఆ ఏటి శుభ్రం అంతటితో సరి.

కాబట్టి మొదటి పని లిస్టు. ఐటీ నుంచి ఒకరు, ఫైనాన్స్ నుంచి ఒకరు, మీరు, ముగ్గురూ ఒక శనివారం ఆ గదిలో కూర్చోండి. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, అసెట్ ట్యాగ్, ఆన్ అవుతోందా, డిస్క్ లోపల ఉందా, చార్జర్ ఉందా అని రాసుకుంటూ పోండి. ఫొటో తీయండి. ఇవన్నీ ఎవరైనా రాస్తారు. నేను అదనంగా పెట్టించే కాలమ్ ఒకటుంది: ఇది బయటకు వెళ్లాలంటే ఎవరి సంతకం కావాలి? డిపార్ట్‌మెంట్ పేరు రాస్తే చాలదు, మనిషి పేరు రాయాలి. ఆ కాలమ్ నిండితే మీ పనిలో సగం అయినట్టే.

లిస్టు పూర్తయ్యాక ఫైనాన్స్ దగ్గరున్న ఫిక్స్‌డ్ అసెట్ రిజిస్టర్‌తో పోల్చండి. రిజిస్టర్‌లో ఉండి గదిలో లేనివి కొన్ని తేలతాయి, అవి చాలావరకు ఉద్యోగం మానేసినవాళ్ల ఇళ్లలో ఉంటాయి. నేను ఎక్కువ జాగ్రత్త పడమనేది రెండో రకంతో: గదిలో ఉండి రిజిస్టర్‌లో లేనివి. అవి మీవి కాకపోయే అవకాశమే ఎక్కువ. 2020లో లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ ఊళ్లో చాలా కంపెనీలు హడావిడిగా ల్యాప్‌టాప్‌లు అద్దెకు తెచ్చుకున్నాయి. తిరిగి ఇవ్వడం మర్చిపోయినవి ఇంకా మూలన ఉండి అద్దె తింటున్న ఆఫీసులు నేను చూశాను. పేజీకి ఇంత అని కాంట్రాక్టు మీద పెట్టిన పెద్ద ప్రింటర్ వెండర్‌దే. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన రౌటర్ వాళ్లదే. అమెరికా క్లయింట్ పంపిన ల్యాప్‌టాప్ క్లయింట్‌దే, దాన్ని తుడవాలన్నా ముందు వాళ్ల ఈమెయిల్ చేతిలో ఉండాలి. మీ కంపెనీ ఎప్పుడైనా ఎస్టీపీఐ (ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల పథకం) యూనిట్‌గానో, సెజ్‌లోనో (ప్రత్యేక ఆర్థిక మండలి) ఉండి డ్యూటీ కట్టకుండా సామాను దిగుమతి చేసుకుని ఉంటే మాత్రం అక్కడే ఆగండి. దాన్ని డీబాండింగ్ చేయించకుండా, అంటే కస్టమ్స్‌తో డ్యూటీ లెక్క తేల్చుకుని విడిపించుకోకుండా గేటు దాటించకూడదు. పదేళ్ల కిందటి సర్వర్, చిత్తుకాగితంతో సమానం అని మీకు అనిపిస్తుంది. కస్టమ్స్ రికార్డులో అది ఇంకా బతికే ఉంటుంది.

ఇక డేటా. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఫార్మాట్ కొట్టేశాం అన్న ఒక్క మాటతో దాదాపు అందరూ దీన్ని దాటేస్తారు.

మామూలు ఫార్మాట్ చేస్తే ఫైళ్ల జాబితా పోతుంది, ఫైళ్లు చాలావరకు అలాగే ఉంటాయి. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెలిసిన కుర్రాడు గంటలో బయటకు తీస్తాడు. తిరిగే హార్డ్ డిస్క్ అయితే మొత్తం డిస్క్ మీద ఒక్కసారి ఓవర్‌రైట్ చేస్తే చాలు. ఏడుసార్లు రాయాలన్నది పాత కాలపు నమ్మకం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకాలు కూడా మామూలు అవసరానికి ఒక్కసారి సరిపోతుందంటాయి. ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులో కంట్రోలర్ తన ఇష్టప్రకారం డేటాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంటుంది. మనకు కనిపించే సైజు కన్నా ఎక్కువ చిప్ స్థలం లోపల అదనంగా దాచుకుని ఉంటుంది. మనం పైనుంచి ఎన్నిసార్లు రాసినా ఆ దాచిన చోట పాత ముక్కలు మిగిలిపోవచ్చు. అందుకే ఎస్‌ఎస్‌డీకి దాని సొంత సెక్యూర్ ఎరేజ్ లేదా శానిటైజ్ కమాండ్ ఇవ్వాలి. అయస్కాంతంతో చేసే డీగాసింగ్ ఎస్‌ఎస్‌డీ మీద ఏమీ పని చేయదు. అది అమ్ముకునేవాళ్లు మాత్రం ఈ ముక్క చెప్పరు.

చేతికి పని ఎలా ఉంటుందో చెప్తాను. డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్ల బిజినెస్ మోడల్స్‌లో చాలావాటికి బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్) మెనూలోనే డిస్క్ తుడిచే ఆప్షన్ ఉంటుంది. చార్జర్ పెట్టండి, బయోస్‌లోకి వెళ్లండి, సెక్యూరిటీ లేదా మెయింటెనెన్స్ మెనూలో డేటా వైప్, సెక్యూర్ ఎరేజ్ లాంటి పేరు వెతకండి. ఎస్‌ఎస్‌డీ అయితే సాధారణంగా నిమిషాల్లో అయిపోతుంది, పెద్ద హార్డ్ డిస్క్‌కి గంటలు పడుతుంది. ఆ ఆప్షన్ లేకపోతే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చేయాలి. అక్కడ సాటా డిస్క్ తరచూ ఫ్రోజెన్ అని చూపించి కమాండ్ తీసుకోదు, చాలామంది అక్కడే వదిలేస్తారు. మెషీన్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపండి, ఎక్కువసార్లు దారికొస్తుంది. మొదటినుంచీ బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉన్న మెషీన్లయితే పని తేలిక, తాళంచెవిని చెరిపేస్తే లోపలిదంతా పనికిరాని రాతే. ఆన్ కాని మెషీన్‌లోంచి మాత్రం డిస్క్ విప్పి బయటకు తీయాల్సిందే. పగలగొట్టాలనుకుంటే, హార్డ్ డిస్క్‌కి డ్రిల్లింగ్ సరిపోతుందేమో గానీ ఎస్‌ఎస్‌డీలో బోర్డు మీది ప్రతి మెమరీ చిప్ మీదుగా పోవాలి. నల్లటి చదరాలు నాలుగుంటే నాలుగూ పగలాలి. ఒక్కదానికి తూటు పెట్టి ఫొటో తీసి ఫైల్ చేసినవాళ్లను చూశాను.

ల్యాప్‌టాప్‌ల సంగతి అందరికీ గుర్తుంటుంది. గుర్తురానివి ఇవి. ఆఫీసులో పెట్టే పెద్ద కాపియర్ మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, స్కాన్ చేసిన ఆధార్ కాపీలు, ఆఫర్ లెటర్లు, జీతాల షీట్లు అందులో మిగిలే వీలుంది. బయోమెట్రిక్ అటెండెన్స్ మెషీన్‌లో మీ ఉద్యోగుల వేలిముద్రల టెంప్లేట్లు, పేర్లు ఉంటాయి. సీసీటీవీ డీవీఆర్‌లో రికార్డింగులు, ఫైర్‌వాల్‌లో వీపీఎన్ పాస్‌వర్డ్‌లు, స్విచ్‌లలో మొత్తం నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్, ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) వాయిస్ మెయిల్స్. ఒక్కోదానికి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మళ్లీ ఆన్ చేసి, కొత్తదానిలా వస్తోందా లేదా కళ్లారా చూడండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, వ్యక్తుల సమాచారాన్ని కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పెట్టారు. చిన్న కంపెనీకి అంత వేస్తారని నేను అనను. కానీ మీ ఎండీ గారికి గుజరీ తొంభై వేలు కనిపిస్తున్నప్పుడు ఎదురుగా పెట్టడానికి ఈ అంకె పనికొస్తుంది.

డిస్క్ తుడిచినట్టు సీరియల్ నంబర్ వారీగా సర్టిఫికెట్ ఉండాలి. ఐటీలో చేసినవాళ్లు, చూసినవాళ్లు ఇద్దరూ సంతకం పెట్టాలి. బయటివాళ్లతో చేయిస్తే మెషీన్ సీరియల్ నంబర్‌తో పాటు డిస్క్ సీరియల్ నంబర్ కూడా అందులో ఉండాలి. డిస్క్ మార్చుకోవడం రెండు స్క్రూల పని.

ఇప్పుడు ఏది ఎటు వెళ్లాలో చూద్దాం. ల్యాప్‌టాప్‌లను నేను ముందు ప్రాసెసర్‌ని బట్టి విడదీస్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతది కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. కాబట్టి ఎనిమిదో జనరేషన్, ఆ పైవన్నీ ఒక పక్క. వీటిలో చాలావాటికి 8 జీబీ ర్యామ్‌ని 16 చేసి, బ్యాటరీ మారిస్తే ఇంకో రెండేళ్లు ట్రైనీలకూ, స్పేర్‌కూ హాయిగా నడుస్తాయి. మీ ఐటీ టీమ్ కొత్తవి కావాలని ఇండెంట్ పెట్టిందేమో ముందు కనుక్కోండి. స్టోర్‌లో నడిచే ల్యాప్‌టాప్‌లు ఉండగానే పర్చేజ్‌వాళ్లు కొత్తవి ఆర్డర్ పెట్టడం ఈ ఊళ్లో మామూలే. ఏడో జనరేషన్, అంతకన్నా పాతవి లైనక్స్ మీద బ్రౌజర్ పనికి బాగానే ఉంటాయి గానీ ఆఫీసులో ఎవరూ తీసుకోరు.

ఉద్యోగులకు అమ్మడం నాకు నచ్చిన దారి. మెషీన్ చరిత్ర వాళ్లకు తెలుసు, ధర విషయంలో గొడవలు ఉండవు. అయితే మేనేజర్లకు ముందు, మిగతావాళ్లకు తర్వాత అని పెడితే ఆఫీసంతా గుసగుసలే. ధర ముందే ప్రకటించి చీటీలు తీయండి. ఇంకో చిక్కు ఉంది. కంపెనీ వస్తువును ఉద్యోగికి తక్కువ ధరకు ఇస్తే ఆ తేడా పెర్క్విజిట్ (కంపెనీ ఇచ్చిన అదనపు లాభం) కింద జీతంలో కలుస్తుంది. కంప్యూటర్లకు ఏళ్లుగా ఉన్న లెక్క ఏమిటంటే, వాడిన ప్రతి పూర్తి సంవత్సరానికి మిగిలిన విలువలో 50 శాతం తగ్గించుకోవచ్చు. 80,000కు కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్ల తర్వాత 40,000, 20,000, 10,000 అవుతుంది. మీరు 4,000కు ఇస్తే 6,000 ఆ ఉద్యోగి జీతంలో కలిసి పన్ను పడుతుంది. చిన్న మొత్తమే, కానీ ముందు చెప్పకపోతే ఫామ్ 16 వచ్చిన రోజు మీ దగ్గరికి వస్తారు.

రీఫర్బిషర్లకు, అంటే పాతవి బాగుచేసి అమ్మేవాళ్లకు అమ్మేటప్పుడు ధర పెంచేది మీ బేరం కాదు, మీ తయారీ. బయోస్ పాస్‌వర్డ్ తీసేయండి. విండోస్ మెషీన్లు మీ కంపెనీ ఆటోపైలట్‌లో (కంపెనీ మెషీన్లను ఇంటర్నెట్ ద్వారా సెట్ చేసే మైక్రోసాఫ్ట్ సర్వీస్) రిజిస్టర్ అయి ఉంటే అక్కడి నుంచి తొలగించండి, లేదంటే కొన్నవాళ్లు ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ మీ కంపెనీ లాగిన్ పేజీ వస్తుంది. మ్యాక్‌లకు యాక్టివేషన్ లాక్ (పాత యాపిల్ అకౌంట్‌తో పడే తాళం) ఉంటే అవి ఇనుప ముక్కతో సమానం. ఆ అకౌంట్ ఉన్న మనిషి కంపెనీ మానేసి ఉంటే ముందు వాళ్లను వెతకాలి, లేదా కొన్న ఇన్‌వాయిస్‌తో యాపిల్ సపోర్ట్‌ని అడగాలి. ప్రతి ల్యాప్‌టాప్‌కీ దాని చార్జర్ జతచేసి కట్టండి. చార్జర్లన్నీ ఒక గోనెసంచిలో పడేసి ఇస్తే, కొనేవాళ్లు ఆ పని తామే చేయాలని మీ దగ్గరే ధర తగ్గిస్తారు. ముగ్గురి దగ్గర సీల్డ్ కొటేషన్లు తీసుకోండి. మార్కెట్ నాడి తెలియాలంటే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు ఒక పూట వెళ్లి రండి. అదే మోడల్ వాడినది వాళ్లు ఎంతకు అమ్ముతున్నారో అడిగితే, మీకు ఎంత రావచ్చో ఒక అంచనా వస్తుంది. సరుకంతా అక్కడ అమ్మమని మాత్రం అనడం లేదు.

స్కూళ్లకు ఇవ్వాలని కంపెనీ సేవా కార్యక్రమాలు చూసే మీ సీఎస్‌ఆర్ వాళ్లు అన్నారన్నారు. మంచిదే, కానీ పని చేయనివి ఇవ్వడం దానం కాదు, చెత్తను ఊళ్లోకి పంపడం. ఆంధ్ర సరిహద్దు పక్కనున్న ములబాగిలు, బాగేపల్లి, పావగడ వైపు సర్కారు బడులకు కొన్ని ఆఫీసుల తరఫున ఇప్పించాను. పిల్లలూ పంతుళ్లూ సగంమంది మనతో తెలుగే మాట్లాడతారు, ఏం కావాలో మొహమాటం లేకుండా చెప్తారు. వాళ్ల మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించి కాదు, ప్లగ్ పాయింట్లు ఎన్ని కావాలి, చెడిపోతే ఎవరు వస్తారు అని. గదిలో రెండే ప్లగ్గులుంటే పదిహేను డెస్క్‌టాప్‌లు ఏం చేసుకుంటారు? బ్యాటరీ నిలబడే ల్యాప్‌టాప్‌లు తక్కువ సంఖ్యలో ఇచ్చి, వైరింగ్‌కి, ఒక ఏడాది రిపేరుకు డబ్బు కలిపి ఇవ్వండి. కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్ పెట్టి, ఆన్ చేయగానే వాడుకునేలా పంపండి. సీరియల్ నంబర్లతో గిఫ్ట్ లెటర్, స్కూలు ముద్రతో రసీదు తప్పనిసరి.

ఇక నిజంగా చచ్చినవి. ఇవి ఈ-వేస్ట్. ఈ-వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ 2022, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి షెడ్యూల్‌లో ఉన్న పరికరాలు ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా వెయ్యి, అంతకన్నా ఎక్కువ వాడిన సంస్థ బల్క్ కన్స్యూమర్ అవుతుంది. 130 మందికి మనకెందుకులే అనుకోకండి. ల్యాప్‌టాప్‌లు, మానిటర్లు, ఫోన్లు, ప్రింటర్లు, ఏసీలు అన్నీ కలిపి లెక్కపెట్టి చూడండి. బల్క్ కన్స్యూమర్ అయితే ఈ-వేస్ట్‌ని రిజిస్టర్ అయిన ప్రొడ్యూసర్‌కో, రీఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. వెయ్యి దాటకపోయినా నేను ఇదే చేయమంటాను. గుజరీ దారిలో వెళ్లిన సర్క్యూట్ బోర్డులు చివరికి ఏదో ఇరుకు షెడ్డులో ఆసిడ్ తొట్టెలోకి వెళ్తాయి, కేబుళ్లను రాగి కోసం కాలుస్తారు. ఆ పని చేసేవాళ్ల చేతులకు గ్లవ్స్ కూడా ఉండవు.

రీసైక్లర్‌ని ఎంచుకునేటప్పుడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పేరు ఉందా, గడువు ఉందా, మీ రకం వస్తువులకు అనుమతి ఉందా అని మీరే చూడండి. వాళ్లు వాట్సాప్‌లో పంపిన సర్టిఫికెట్ ఫొటోను నమ్మొద్దు. మన దగ్గర ఈ రంగం కొత్తదేమీ కాదు. తుమకూరు దారిలో దాబస్‌పేట దగ్గర ఈ-పరిసర 2005లోనే మొదలైంది. వీలైతే ప్లాంట్‌కి ఒకసారి వెళ్లి రండి. రానివ్వకపోతే అక్కడితో మీకు జవాబు దొరికినట్టే. బయటకు వెళ్లేటప్పుడు సెక్యూరిటీ గేట్ పాస్, తూకం చీటీ, వాళ్ల ముద్రతో రసీదు, తర్వాత రీసైక్లింగ్ సర్టిఫికెట్, ఈ నాలుగూ ఫైల్‌లో ఉండాలి.

బ్యాటరీలను వేటితోనూ కలపకండి, వాటికి 2022 నుంచి వేరే రూల్స్ ఉన్నాయి. యూపీఎస్‌లోని లెడ్ బ్యాటరీలకు మంచి ధర వస్తుంది, బరువు మీద కొంటారు. కొత్త సెట్ ఎలాగూ కొనబోతుంటే పాతవి బైబ్యాక్‌లో వదిలేయడం అన్నిటికన్నా సులువు. ఏళ్ల తరబడి చార్జ్ లేకుండా పడున్నవి మళ్లీ లేస్తాయని ఆశపడొద్దు. టెర్మినళ్లకు టేపు వేసి, నిలువుగా, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా ఉంచండి. అసలు భయపడాల్సింది ల్యాప్‌టాప్ లిథియం బ్యాటరీలకు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, కింది మూత స్క్రూల దగ్గర విచ్చుకున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని చార్జ్‌కి పెట్టొద్దు, నొక్కొద్దు, మూత బలవంతంగా మూయొద్దు. ఇసుక పోసిన ఇనుప ట్రేలో విడిగా ఉంచి రీసైక్లర్‌కి ముందే చెప్పండి. అవి గదిలో ఉన్నాయో లేవో రేపే చూడండి, శనివారం దాకా ఆగొద్దు.

ఫైనాన్స్‌వాళ్ల మాటకు వస్తాను. బుక్ వాల్యూ ఉందన్న కారణం చాలాసార్లు నిలబడదు. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 2 ప్రకారం ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్‌లకు ఆయుష్షు 3 ఏళ్లు, సర్వర్లు, నెట్‌వర్క్ సామానుకు 6 ఏళ్లు. ఆ తర్వాత పుస్తకాల్లో మిగిలేది మామూలుగా 5 శాతం. వాడకం ఆపేసి అమ్మకానికి పెట్టిన వస్తువును పాత విలువకే పుస్తకాల్లో మోస్తూ కూర్చోవడం కూడా సరికాదు, వచ్చే ధర తక్కువైతే అంతకు దించాలి. ఆదాయపు పన్నులో కంప్యూటర్లన్నీ ఒకే బ్లాక్‌లో (ఒకే తరుగుదల రేటున్న ఆస్తుల గుంపు) ఉంటాయి కాబట్టి నాలుగు అమ్మితే ఆ డబ్బు బ్లాక్‌లోంచి తగ్గుతుంది, అంతే.

వాళ్లు నిజంగా చూడాల్సింది జీఎస్టీ. ఉదాహరణకు 10 లక్షలకు సర్వర్ కొన్నారు, 18 శాతం జీఎస్టీ 1,80,000 క్రెడిట్ తీసుకున్నారు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి అంత తగ్గించుకున్నారు. మూడేళ్లకు 50,000కు అమ్మారు. అమ్మకం మీద పన్ను 9,000 కడితే అయిపోయిందనుకుంటారు. కానీ జీఎస్టీ చట్టం సెక్షన్ 18(6) ప్రకారం తీసుకున్న క్రెడిట్‌ని మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించాలి. పన్నెండు క్వార్టర్లకు 60 శాతం పోతే మిగిలింది 72,000. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. అంటే 50,000కు అమ్మి 72,000 కట్టినట్టు! అయిదేళ్లు దాటితే ఆ లెక్క సున్నా అవుతుంది, అమ్మకం మీద పన్ను ఒక్కటే మిగులుతుంది. ఉచితంగా ఇచ్చేసినా, రైట్ ఆఫ్ చేసినా (పుస్తకాల్లోంచి కొట్టేసినా) సెక్షన్ 17(5)(హెచ్) కింద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టే సంగతి వస్తుంది. అందుకే లిస్టులో కొన్న తేదీ కాలమ్ కూడా పెట్టి, అయిదేళ్లు దాటినవి ముందు పంపండి. మిగతావి మీ సీఏ గారిని అడిగి కదపండి. తొంభై వేలు నగదు, బిల్లు లేదు అన్న మాట ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడదు. ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు, పైగా ఆ నగదు ఏమైందన్న ప్రశ్న మీ మీదే పడుతుంది.

సీల్ తీయని డబ్బాల గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు, నాకు మాత్రం అన్నిటికన్నా వాటి మీదే ఆసక్తి. వీడియో కాన్ఫరెన్స్ యూనిట్, మీటింగ్ రూమ్ బుకింగ్ ట్యాబ్లెట్లు అన్నారు. ఇలాంటివి మూలన పడటానికి కారణం చాలాసార్లు చిన్నదే. గోడకు బిగించే బ్రాకెట్ ఆర్డర్‌లో లేదు. లైసెన్స్ విడిగా కొనాలని ఎవరూ చెప్పలేదు. లేదా కావాలని పట్టుబట్టిన మేనేజర్ ఉద్యోగం మారిపోయారు. ఇన్‌వాయిస్ తీసి ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అని చూడండి. తక్కువైన వస్తువు నాలుగు వేలదైతే కొని బిగించండి. వారంటీ ఇన్‌వాయిస్ తేదీ నుంచే మొదలై ఉండొచ్చు, అదీ చూడండి. అవసరమే లేదని తేలితే వెండర్‌ని క్రెడిట్ నోట్ అడగండి, పూర్తిగా రాకపోయినా తర్వాతి ఆర్డర్‌లో కొంత సర్దుతారు. డబ్బు పెట్టి కొన్నాం కదా, అందరూ వాడాల్సిందే అని సర్క్యులర్ పంపించే పని మాత్రం చేయించకండి. జనం మొదటి వారం వాడి, తర్వాత పాత పద్ధతికే పోతారు. అప్పటికి సీల్ తీసేసి ఉంటారు కాబట్టి రీసేల్ ధర కూడా పోయి ఉంటుంది.

కంటికి కనిపించనివి కూడా ఈ లెక్కలోవే. స్టోర్‌లో పడున్న మెషీన్లకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కడుతున్నారా? మానేసినవాళ్ల పేరు మీద సాఫ్ట్‌వేర్ సీట్లు ఉన్నాయా? ఎవరూ మాట్లాడని పీఆర్ఐ ఫోన్ లైన్, డేటా కార్డు సిమ్‌లు, క్లౌడ్‌లో ఆపేసిన మెషీన్లు? ఆపేసినా వాటి డిస్క్‌కి బిల్లు పడుతూనే ఉంటుంది. గది మొత్తం అమ్మితే వచ్చే డబ్బు కన్నా ఈ బిల్లులు ఆపితే మిగిలేదే ఎక్కువ ఉండొచ్చు. నెలనెలా వచ్చే బిల్లులన్నీ ముందేసుకుని, ఒక్కోదాని పక్కన వాడేవాళ్ల పేరు రాయండి. పేరు దొరకనిదాన్ని ఆపండి.

చివరగా మీ రెండు సర్వర్లు. ఒకటి స్టోర్‌లో కాకుండా ఇంకా ర్యాక్‌లో నడుస్తోంది, దాని మీద ఏముందో ఎవరికీ తెలియదు, అందుకే ముట్టుకోవడం లేదన్నారు. ముందు పూర్తి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను వేరే చోట వర్చువల్ మెషీన్‌గా లేపి చూడండి, తీశాం అన్న మాట చాలదు. తర్వాత స్విచ్ దగ్గర దాని నెట్‌వర్క్ పోర్ట్ మాత్రమే ఆపండి. పవర్ ఇప్పుడే తీయొద్దు, ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్క్‌లు ఒకసారి చల్లబడితే మళ్లీ తిరగకపోవచ్చు. ఎవరైనా అరిస్తే పోర్ట్ తిరిగి ఆన్ చేసి వాళ్ల పేరు రాసుకోండి, దానికి ఓనర్ దొరికినట్టు. ఒక నెలాఖరు జీతాలు, ఒక క్వార్టర్ ముగింపు రెండూ దాటేదాకా ఆగండి. ఫ్లోర్ అప్పగించే తేదీ అంతకన్నా ముందుంటే ఆ ఒక్కదాన్ని మాత్రం కింది ఫ్లోర్‌కి మార్చాల్సిందే. దించే ముందు బ్యాకప్ మీ చేతిలో ఉండాలి.

అందులో పాత అకౌంట్స్ ఉంటే డేటాను పారేయకూడదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. మీ గదిలో టేపులు కూడా ఉన్నాయన్నారు కాబట్టి ఇంకొక్క మాట. బ్యాకప్ టేపులు చదివే ఎల్‌టీవో డ్రైవ్‌లు ఏడో తరం దాకా తమకన్నా రెండు తరాల పాత టేపుల వరకే చదువుతాయి, ఎనిమిదో తరం ఒక్క తరం పాతదాని వరకే చదువుతుంది. పాత టేపులు దాచిపెట్టి, వాటిని చదివే ఒకే ఒక్క డ్రైవ్‌ని తుక్కులో అమ్మేస్తే ఆ టేపులు అలమారాలో ఉన్నా లేనట్టే. ఆ డ్రైవ్‌నీ, దాని కార్డునీ, కేబుల్‌నీ కలిపి ఒక డబ్బాలో పెట్టి, అమ్మరాదు అని రాసి, ఏ టేపుల కోసమో, ఏ తేదీ దాకానో పైన అంటించండి. లేదంటే ఈ నెలలోనే ఆ టేపుల్లోది కొత్త డిస్క్ మీదికి ఎక్కించి, తెరిచి చూసుకుని, అప్పుడు రెండూ కలిపి పంపించేయండి.

లిస్టు తయారయ్యాక మోడల్స్, కొన్న సంవత్సరాలు ఇక్కడ పెట్టండి, సీరియల్ నంబర్లు, కంపెనీ పేరు వద్దు. దేనికి ఎంత అడగొచ్చో చెప్తాను.